ఆ మూడు మాటల దగ్గర

మూడో తరగతి అమ్మాయి తల్లిగారికి,

మా బడిలో రోజూ పొద్దున్నే పిల్లలందరూ హాల్లో నిలబడి దేశప్రతిజ్ఞ చెబుతారని మీకు తెలిసే ఉంటుంది. ఉన్నవి అయిదే వాక్యాలు. మీ అమ్మాయి మూడో వాక్యం రాగానే నోరు మూసుకుంటోంది. "దేవుని చల్లని నీడలో" అనే మూడు మాటలు వదిలేసి, "మేమంతా ఒక్కటి" దగ్గర మళ్ళీ అందుకుంటోంది. క్లాసు టీచరు ఎందుకని అడిగితే, "అక్కడ ఊపిరి తీసుకోవాలండీ" అందట.

ప్రతిజ్ఞను కింద రాయించాను. ఇంట్లో చెప్పించి, మీ అభిప్రాయం కాగితం మీదే తెలిపి తిప్పి పంపగలరు.

ఈ నేల నాది.
ఈ నేల మీద నడిచేవాళ్ళందరూ నావాళ్ళు.
దేవుని చల్లని నీడలో మేమంతా ఒక్కటి.
నా చేతులతో ఈ నేలకు పనిచేస్తాను.
ఇచ్చిన మాట మీద నిలబడతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క. గొంతు సమస్య కాదని మా నమ్మకం. మిగతా వాక్యాలకు మీ అమ్మాయి ఒక్కతే హాలు కిటికీ అద్దాలు అదరగొడుతోంది.

* * *

పెద్ద టీచరుగారికి పిచ్చుక వాళ్ళమ్మ నమస్కారం. పిచ్చుకంటే మీ మూడో తరగతి పిల్లే. హాజరుపట్టీలో పేరు వేరే ఉంది గానీ పిచ్చుకా అంటేనే పలుకుతుంది. వాళ్ళన్నయ్య పెట్టిన పేరు. ఇక్కడ ఉన్నవాళ్ళం క్షేమం.

మీ ఉత్తరం అందింది. నేను అయిదో తరగతిలో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. మా ఇంట్లో మా ఆయనది కత్తెర, నాది మిషను, మా అత్తది గుండీలు. మీ బడి యూనిఫాంలూ మీ జాకెట్లూ కుట్టేది మేమే కాబట్టి మా పని మీకు తెలుసు. పొడుగ్గా రాయడం నాకు చేతకాదు. అందుకని మీరు పంపిన కాగితం మీద, మేం గుడ్డ మీద పెట్టుకునే గుర్తులే పెట్టేశాను. ఏది ఉండాలో ఏది వద్దో చూడగానే తెలిసిపోతుంది. మా ఆయనకి చూపిస్తే ఒక్క చూపులో అర్థమైపోయింది. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు అరచూపు చాలు.

ఇంక ఈ విషయంలో ఉత్తరాలు అక్కర్లేదనుకుంటాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ

తా.క. తెల్లకాగితం దొరక్క కొలతల పుస్తకంలో పేజీ చింపి రాశాను. వెనకవైపు చూడకండి.

* * *

అమ్మాయి తల్లిగారికి,

వెనకవైపు చూడవద్దన్న మాట చివర్లో కాక మొదట్లో రాసి ఉంటే బాగుండేది. అటువైపు "పెద్ద టీచరు" అన్న శీర్షికతో నా జాకెట్టు కొలతలున్నాయి. ఉత్తరం నా చేతికి వచ్చేలోపు స్టాఫు రూములో పన్నెండు మంది చదివారు.

అసలు విషయానికి వస్తాను. మీరు పెట్టిన గుర్తులు చూసి నేను నిర్ఘాంతపోయాను. నాలుగు వాక్యాల పక్కన ఇంటూ గుర్తులు పెట్టారు. ఈ నేల నాది అంటే తప్పా? చేతులతో పనిచేస్తాను అంటే తప్పా? "ఇచ్చిన మాట మీద నిలబడతాను" అన్నదానికి కూడా మీరు ఇంటూ పెట్టడం చూస్తే, వారంలో ఇస్తామన్న నా జాకెట్టు నెలకు రావడం గుర్తొచ్చింది. దేశం మీద మీకు ఇంత అయిష్టం ఎందుకో తెలియదు.

అయితే "దేవుని చల్లని నీడలో" అన్న మూడు మాటల చుట్టూ మాత్రం ముద్దుగా సున్నా చుట్టారు. మేమూ పాఠంలో ముఖ్యమైన మాటలకు అలాగే చుడతాం. అప్పుడు నాకు అర్థమైంది. ఆ పేరును అందరిలా తేలిగ్గా నోట పలకకూడదనుకునే గొప్ప భక్తుల కుటుంబం మీది. పాప మౌనం భక్తి వల్ల వచ్చినది. నా కళ్ళు చెమర్చాయి.

కాబట్టి వచ్చే నెల వార్షికోత్సవంలో పై అధికారుల ఎదుట ప్రతిజ్ఞ చెప్పించే బాధ్యత మీ అమ్మాయికే ఇస్తున్నాను. వేదిక మీద తను ఎలా చెబితే కింద మూడువందల మందీ అలాగే చెబుతారు. దేశం సంగతి మనం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క. ఆ కొలతల్లో నడుము దగ్గర అంకె తప్పు పడిందని స్టాఫు రూములో చెప్పాను. దయచేసి మీరూ అదే చెప్పండి.

* * *

పెద్ద టీచరుగారికి నమస్కారం. ఉన్నవాళ్ళం క్షేమం.

అయ్యో, మీరు చొక్కాని తిరగేసి తొడుక్కున్నారు టీచరుగారూ! మా పనిలో ఇంటూ పెడితే ఇక్కడ గుండీ పడుతుంది, గట్టిగా కుట్టు, ఊడిపోకూడదు అని. సున్నా చుడితే ఆ ముక్క కత్తెరకి అని. నాలుగు వాక్యాలకీ ఇంటూ పెట్టింది అవి ఊడకూడదనే. సున్నా చుట్టిన మూడు మాటలూ మా పిల్ల వరకు వద్దని.

మా ఇంట్లో దేవుడు లేడండి. కోపంతో కాదు, పరిచయం లేక. మా మామగారి రోజుల నుంచీ అంతే. అందరి ఇళ్ళల్లో పటం ఉండే మేకుకి మా ఇంట్లో కొలత టేపు వేలాడుతుంది. ఎవరి దేవుణ్ణీ ఏమీ అనం. ప్రార్థన మందిరానికి తెరలు కుట్టమంటే అవి కూడా కుట్టాం, కుట్టు వంకర పోకుండా.

ఇంకో సంగతి. మా పెద్దోడు కూడా మీ బడే. మీరు రాకముందు పది దాకా అక్కడే చదివాడు. పోయినేడాది వానల్లో మూడు రోజుల జ్వరానికి పోయాడు. పద్దెనిమిదేళ్ళు. వాడు ఒకటో తరగతి నుంచీ ఆ మూడు మాటల దగ్గర నోరు మూసేవాడు. మేమెవరం చెప్పలేదు. అంత చిన్నప్పుడే అంత పట్టుదలేంటి, అచ్చం తాత పోలిక అని నేను మురిసిపోయేదాన్ని. పిచ్చుక బడిలో చేరిన రోజు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్తూ, "మూడో వాక్యం దగ్గర నోరు మూసి ఊపిరి తీసుకో పిచ్చుకా" అని నేర్పాడు. సైకిలు కూడా నేర్పుతానన్నాడు, అది కాలేదు. ఊపిరొక్కటే మిగిలింది.

అందుకని అది ఆ మూడు మాటలు అనదు. నేను అనమనను. బతిమాలుతున్నాననుకోకండి, ఉన్నది చెబుతున్నాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ

తా.క. కొలతలు అందరూ చూశారని బాధపడకండి. అవి రెండేళ్ళ కిందటివి.

* * *

అమ్మా,

మీ కుమారుని సంగతి తెలిసి మనసంతా బరువెక్కింది. ఇంత దుఃఖంలో దేవుని మీద అలగడం ఎవరికైనా సహజమే. మీ అలక తీర్చడానికి మా ప్రార్థన బృందం ఆదివారం పొద్దున మీ ఇంటికి వచ్చి రెండు గంటలు పాడుతుంది. పదకొండు మంది. కుర్చీలు వాళ్ళే తెచ్చుకుంటారు.

ఇక ఆ మూడు మాటలు తీసే అధికారం నాకు లేదు. ప్రతిజ్ఞ రాసిన కాగితం ఎప్పుడో చెదలపాలైంది. హాల్లో వేలాడే నీలం గుడ్డ మీద దారంతో కుట్టిన అక్షరాలే మాకు ప్రమాణం. తరతరాలుగా వస్తున్నది ఈరోజు నేను మార్చలేను.

అయితే మినహాయింపు కోరే పిల్లలకు ఆఫీసులో ఒకే ఒక ఫారం ఉంది. కాలునొప్పి వల్ల డ్రిల్లు చేయలేని వాళ్ళకిచ్చేది. జతపరిచాను. సందర్భానికి తగ్గట్టు నింపండి. దాని మీద నిర్ణయం జరిగేదాకా, రోజూ ప్రతిజ్ఞ చెప్పే సమయానికి అమ్మాయి హాలు బయట కొళాయి దగ్గర నిలబడాలి. ఇది నిబంధన. ఆహ్వానపత్రికల్లో పేరు అచ్చయిపోయింది కాబట్టి రిహార్సలుకూ వార్షికోత్సవానికీ మాత్రం లోపలే, అందరికన్నా ముందు నిలబడాలి. ఇది కూడా నిబంధనే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క. రెండేళ్ళ కిందటి కొలతలన్న మాట నిజమే. నీలం జాకెట్టు పాప చేతికిచ్చి పంపుతున్నాను. వార్షికోత్సవానికి వేసుకోవాలి. వదులు చేయగలరా? ఈ సంగతి కాగితం వెనక రాయకండి.

* * *

పెద్ద టీచరుగారికి నమస్కారం.

మీరు మంచి మనసుతో అన్నారని తెలుసు. కానీ ఆదివారం ఎవరినీ పంపకండి. రెండు గంటలు మిషను ఆగితే మీ పిల్లల నిక్కర్లే ఆగుతాయి. అలక మాట కూడా తీసేయండి. అలగాలంటే ముందు మాటలుండాలి కదా.

వాడు పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ దేవుడు తీసుకెళ్ళాడమ్మా అన్నారు. పిచ్చుక అది విని, "అయితే ఎప్పుడు తిరిగి పంపిస్తాడమ్మా?" అని అడిగింది. నేను దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జ్వరం వచ్చి పోయాడు, ఎవరూ తీసుకెళ్ళలేదు, ఎవరూ తీసుకురారు అని చెప్పాను. చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆ మాట చెప్పకపోతే అది ఇప్పటికీ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండేది.

ఫారం నింపాను. నొప్పి ఏ భాగంలో అన్నచోట, నొప్పి పిల్లకి కాదు, నాకు అని రాశాను. ఎప్పటి నుంచి అన్నచోట, దేవుడు లేనిది మా మామగారి రోజుల నుంచి, నొప్పి పోయినేడాది నుంచి అని రెండూ రాశాను, మీకు ఏది కావాలో తెలియక. వాడుతున్న మందు అన్నచోట మిషను అని రాశాను. డాక్టరు సంతకం కింద మా ఆయన పెట్టాడు. కత్తెర పట్టేవాళ్ళే కదా ఇద్దరూ.

కానీ కొళాయి దగ్గరికి మాత్రం పంపను. పిచ్చుక ప్రతిజ్ఞ మొత్తం ఇంట్లో నాకు చెప్పి చూపించింది. నేలమీద నడిచేవాళ్ళందరూ నావాళ్ళు అని లోపల మూడువందల మంది చెబుతుంటే బయట ఒక్కతి నిలబడితే, మరి దాని కాళ్ళ కింద ఉన్నది ఏ నేల? మేమంతా ఒక్కటి అన్నప్పుడు అందులో అది ఉన్నట్టా లేనట్టా? లెక్కలు మీకు వచ్చు. మీరే చూసుకోండి.

ఇంకొకటి. ఆ నీలం గుడ్డ కుట్టింది మా అత్తే. మా పెద్దోడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మీ పాత పెద్దసారు మాటలు రాసిచ్చి కుట్టించాడు. పదమూడేళ్ళు. తరతరాలు ఎక్కడివండీ?

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ

తా.క. జాకెట్టు చూశాను. లోపల మడతలో వదిలిన గుడ్డ పోయినసారే వాడేశాం. అదే రంగు ముక్క ఏదైనా దొరుకుతుందేమో వెతుకుతున్నాను. ఈలోపు మిగతా జాకెట్లు వేసుకుని గట్టిగా తుమ్మకండి, అవీ పాత కొలతలవే.

* * *

పిచ్చుక వాళ్ళమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొళాయి మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అలా రాయకుండా ఉండాల్సింది.

నిన్న రిహార్సలు జరిగింది. పిచ్చుక వేదిక మీద స్టూలెక్కి నిలబడింది. మొదటి వాక్యం చెప్పింది, పిల్లలు చెప్పారు. రెండోది చెప్పింది, చెప్పారు. మూడో వాక్యానికి నోరు మూసి, ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది. తను ఎలా చెబితే అలాగే చెప్పాలని నేనే ఆదేశించి ఉన్నాను కదా. మూడువందల మందీ నోరు మూసి ఊపిరి తీసుకున్నారు. ఈ హాల్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పరీక్షల్లో కూడా కాదు. తరువాత అందరూ "మేమంతా ఒక్కటి" అన్నారు చూడండి, బయట రోడ్డు మీద ఒక రిక్షా ఆగిపోయింది. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. ఆ నిశ్శబ్దంలో ఆ మూడు మాటలూ నేను మనసులో అనుకున్నాను. ఎవరూ అడ్డు రాలేదు.

అయితే ఆ కేకకి నీలం గుడ్డ పై అంచు చిరిగి, మేకుతో సహా కిందపడింది. పాతబడింది, మధ్యలో కుట్లు కూడా వదులయ్యాయి. మీ దగ్గరికే పంపుతున్నాను. వార్షికోత్సవంలోపు బాగుచేసి ఇవ్వండి. పై అధికారులు దాన్ని చూసి చదువుతారు కనుక, మీరూ నేనూ ఏమనుకున్నా, పెద్దసారు రాసిచ్చిన దానిలో ఒక్క అక్షరం కూడా మారకూడదు.

మీ
పెద్ద టీచరు

తా.క. రిహార్సలు చివర్లో తుమ్మాను. మీరు చెప్పినట్టే అయింది.

* * *

పెద్ద టీచరుగారికి పిచ్చుక వాళ్ళమ్మ నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం.

గుడ్డ అందింది. బల్ల మీద పరిచి చూస్తే, పై అంచు మామూలు చిరుగే. మధ్యలో వదులైన కుట్లు మాత్రం వేరేగా ఉన్నాయి. "దేవుని చల్లని నీడలో" అన్న ముక్క గుడ్డ మీద కుట్టింది కాదండి. వేరే పట్టీ మీద కుట్టి, ఆ పట్టీని తెచ్చి పైన అతికించారు. నీలం మీద నీలం కాబట్టి కిందనుంచి చూసే ఎవరికీ తెలియదు. అతుకు దారం విప్పాను. కింద గుడ్డ కాలి ఉంది. ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. మచ్చలో సగం కాలిన అక్షరాలు ఇంకా చదవొచ్చు. "ఎండలో, వానలో" అని ఉంది.

ఎండలో, వానలో మేమంతా ఒక్కటి. మీ పాత పెద్దసారు రాసిచ్చింది అదీ.

మా అత్త పక్కనే గుండీలు కుడుతోంది. "అత్తా, ఇదేంటి?" అని అడిగాను.

"అయితే చూశావా" అంది.

"ఎవరు కాల్చారు?"

"ఇంకెవరు, నీ కొడుకే."

పదమూడేళ్ళ కిందట నేను మీ బడికి యూనిఫాం మూటలు ఇవ్వడానికి వెళ్ళిన పూటట. మా ఆయన గుడ్డ కత్తిరిస్తూ ఉన్నాడు, అప్పుడు ఇల్లు కూలినా తల ఎత్తడు. వాడికి ఆరేళ్ళు. నేను చేస్తా నానమ్మా అని బొగ్గుల ఇస్త్రీపెట్టె రెండు చేతులతో ఎత్తి సరిగ్గా గుడ్డ మధ్యలో పెట్టి, కిటికీలోంచి పిల్లిని చూస్తూ నిలబడ్డాడట. మర్నాడే బడిలో వేడుక. ప్రార్థన మందిరం వాళ్ళు తెర అంచుకి ఆ మూడు మాటలతో కుట్టించుకుని తీసుకెళ్ళని పట్టీ ఒకటి ఇంట్లో ఉంది. పొడుగు సరిపోయింది, రంగు కలిసింది. మా అత్త దాన్ని మచ్చ మీద వేసి కుట్టేసింది.

"పెద్దసారు పోల్చుకోలేదా?"

"ఎందుకు పోల్చుకోడూ! చూసి నోరు తెరిచాడు. ఈలోపు ముందు వరసలో పెద్దవాళ్ళందరూ ఎంత బాగా రాశారండీ అని చప్పట్లు కొట్టారు. అంతే, తెరిచిన నోటితోనే దండం పెట్టాడు."

దేవుడు లేని ఇంట్లో నుంచి మీ హాల్లోకి దేవుడు అలా వచ్చాడండి.

"అయితే పెద్దోడు అక్కడ నోరు మూసింది..." అన్నాను.

"నవ్వు ఆగక! ఆ మాటలు రాగానే వాడికి ఇస్త్రీపెట్టె గుర్తొచ్చేది. పెదాలు బిగపట్టి గట్టిగా ఊపిరి పీల్చేవాడు. ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చాడు. పదేళ్ళు రోజూ ఆ గుడ్డ కిందే నిలబడి ఒక్కరికీ చెప్పలేదు. ఇచ్చిన మాట మీద నిలబడటమంటే అదీ."

"ఇన్ని ఉత్తరాలు పైకి చదువుకుంటూ రాశాను కదా, నువ్వు ఒక్క ముక్కైనా చెప్పవేం?"

"నేనూ వాడికి మాటిచ్చాను కదే. వాడు పోతే మాట కూడా పోతుందా? ఇప్పుడూ నేను చెప్పలేదు, నువ్వే విప్పావు."

టీచరుగారూ, వాడిది పట్టుదల అని మీకు గొప్పగా రాశాను. కాదు, నవ్వు. మా ఇంటి సంగతి మాత్రం నేను రాసిందే, అందులో మార్పు లేదు. కానీ ఈ తప్పు ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగా లేదు. ఏడాది నుంచి వాడి గురించి తెలిసినవే తెలిసినవే తలుచుకుంటున్నాను. ఇంక కొత్తది ఏదీ రాదు కదా అనుకున్నాను. నిన్న కొత్తది వచ్చింది. వాడు నా దగ్గర ఒక తప్పు దాచాడు. అది విని నేను పెద్దగా నవ్వాను. ఇంట్లో నా నవ్వు విని మా ఆయన కత్తెర ఆపి తలెత్తాడు.

ఒక్క అక్షరం మారకూడదన్నారు. మార్చలేదు. మారిపోయినదాన్ని మళ్ళీ పెట్టాను. మచ్చ వెనక గట్టి గుడ్డ వేసి, సగం కాలిన అక్షరాలని అదే దారంతో పూర్తిచేశాను. ఇందులో ఎవరి దేవుడూ పోలేదు. మీరు మనసులో అనుకున్నది మీకుంది. మచ్చని మాత్రం కత్తిరించలేదు. దాని చుట్టూ సుద్దతో నాలుగు ఇంటూలు పెట్టాను. వాటికి అర్థం ఇప్పుడు మీకు తెలుసు.

పిచ్చుకకి అంతా చెప్పాను. వార్షికోత్సవం నాడు మూడో వాక్యం మొత్తం చెబుతానంది. కానీ అక్కడ దానికి నవ్వొస్తే ఏమీ అనకండి. అది ఎలా చెబితే మూడువందల మందీ అలాగే చెబుతారు కాబట్టి, పై అధికారులకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇట్లు,
పెద్దోడి, పిచ్చుక వాళ్ళమ్మ

తా.క. మీ జాకెట్టుకి సరిపడే నీలం ముక్క దొరికింది. గుడ్డ మీద నుంచి విప్పిన పట్టీయే. నడుము దగ్గర లోపలివైపు వేశాను, అక్షరాలు మీ వైపుకి. బయటికి ఏమీ కనపడదు. ఇంక ఎంత గట్టిగా తుమ్మినా, చల్లని నీడ మీతోనే ఉంటుంది.